కింద మనిషి పలకలేదు

ఉప్పలగుప్తం మండలం చినగరువుపాలెం గ్రామంలో 11-06-2025 బుధవారం కొబ్బరిచెట్టు మీద నుంచి పడి గాయపడిన గుబ్బల ఉదయ్ కిరణ్ విషయమై, అతని అక్క 03-07-2025 గురువారం ఉదయం 10.20 గంటలకు తనంతట తానుగా స్టేషనుకు వచ్చి చెప్పగా రాసుకున్న వాంగ్మూలం.

నా పేరు కడలి భవానీదేవి. వయసు ఇరవై రెండేళ్ళు. ఏడో తరగతి వరకు చదివాను. చినగరువుపాలెంలో కాపురం. పీచు మిల్లులో కూలికి వెళతాను. మిల్లు లేని రోజుల్లో తోటల్లో కొబ్బరికాయలు ఏరుతాను. భర్త పేరు అడిగితే నోటితో చెప్పలేకపోయాను. ఆధార్ కార్డు ఇస్తే అందులో చూసి కడలి నాగసతీష్ అని ఎస్.ఐ. గారు రాసుకున్నారు. ఆయన కాయల వ్యాను నడుపుతారు. ఈ రోజు నన్ను తీసుకొచ్చింది ఆయనే. బయట వ్యాను దగ్గర ఉన్నారు.

నేను ఎవరి మీదా ఫిర్యాదు ఇవ్వడానికి రాలేదు. మీ దగ్గర ఒక కాగితం ఉంది. తాగి చెట్టెక్కి పడిపోయానని నా తమ్ముడు చెప్పినట్టు అందులో ఉంది. ఆ మాట వాడే చెప్పాడు. కాని అది అబద్ధం. అబద్ధమని నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ ఇన్ని రోజులు నోరు మూసుకున్నాను.

మాది రాజోలు దగ్గర లంక ఊరు. నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాన్న తాగి తాగి పోయాడు. రెండేళ్ళకు అమ్మ జ్వరంతో పోయింది. అప్పటికి నా తమ్ముడికి పదకొండేళ్ళు. ఇంట్లో వాణ్ణి నాని అంటాం. నేను పీచు మిల్లులో చేరి వాణ్ణి బడికి పంపాను. సాయంత్రం వాడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చీపుర్లకు ఈనెలు గీసేదాన్ని. వాడికి అర్థం కాని లెక్కలు నాకు చెప్పేవాడు. నాకూ అర్థమయ్యేవి కాదు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. పదో తరగతి పాసయ్యాడు.

మూడేళ్ళ క్రితం నా పెళ్ళి కుదిరినప్పుడు తమ్ముడు నాతోపాటు వస్తాడని ఒక్కటే అడిగాను. అది కూడా నేను అడగలేదు, మా మేనత్త కాంతం చేత అడిగించాను. మా మామగారు వీర్రాజు గారు ఒప్పుకున్నారు. ఆయన కొబ్బరికాయల దింపు మేస్త్రి. ఆయన ముఠాలో ఆరుగురు చెట్లెక్కుతారు. నానికి పద్దెనిమిది నిండాక వాణ్ణీ ముఠాలో పెట్టుకున్నారు. వాడి చెయ్యి బాగుంటుందని నలుగురిలో చెప్పేవారు. ఈ సంవత్సరం అమలాపురం ఐటీఐలో కరెంటు పని నేర్చుకోవడానికి దరఖాస్తు పెట్టాడు. “ఈ ఒక్క నెలే చెట్లక్కా, తర్వాత కరెంటు స్తంభాలెక్కుతాను, కింద నుంచి చూసే నీకు తేడా ఏం తెలీదులే” అని నన్ను ఏడిపించేవాడు.

మామగారి ముఠాలో ఒక కట్టుబాటు ఉంది. చెట్టు మీద మనిషి గెల కొయ్యబోయే ముందు కిందికి కేక వెయ్యాలి. కింద మనిషి పక్కకు జరిగి “ఆయ్, కొట్టు” అని గట్టిగా పలకాలి. ఆ పలుకు వినబడకుండా కత్తి పడకూడదు. మట్టల మధ్య నుంచి కింద ఎవరున్నారో పైవాడికి కనబడదు. చెవే ఆధారం. ఈ కట్టుబాటు మామగారు పెట్టిందే. ఆయన ముఠాలో ఇంతవరకు ఎవరి తల మీదా గెల పడలేదు.

జూన్ 11న మంగరాజు గారి తోటలో దింపు. రోజూ కింద ఉండే బంగారరాజు పెళ్ళికి వెళ్ళాడని మామగారు నన్ను రమ్మన్నారు. పొద్దున్న ఆరు గంటలకు నానికి చద్దన్నం పెట్టాను. మజ్జిగ పోసుకుని, పచ్చి ఉల్లిపాయ నంజుకుని తిన్నాడు. నా గ్లాసులో సగం టీ కూడా తాగేశాడు. నేను పక్కనే ఉన్నాను. వాడి నోట్లో ఏ వాసనా లేదు. మా నాన్నతో పన్నెండేళ్ళు బతికినదాన్ని, ఆ వాసన నాకు పది బారల దూరం నుంచి తెలుస్తుంది. వాడికి ఆ వాసన పడదు. బ్రాందీ షాపు దాటేటప్పుడు సైకిలు దిగకుండా ఊపిరి బిగబట్టి తొక్కేవాడు.

ఏడింటికి పని మొదలయింది. ముందు రాత్రి జల్లు పడి మానులు తడిగా ఉన్నాయి. మామగారు తోటకు అటు చివర మిగతావాళ్ళ దగ్గర ఉన్నారు. ఇటువైపు నేనూ నానీ. ఏడు చెట్లు దింపాడు. ప్రతిసారీ పిలిచాడు, నేను పలికాను. నా గొంతు అంత పెద్దదని నాకు అక్కడే తెలుస్తుంది. ఐదో చెట్టు మీద నుంచి “అక్కా, సముద్రం అంచు కనబడతందే” అన్నాడు. “అబద్ధాలు ఆడకు, ముందు గెల కొట్టు” అన్నాను. “ఒట్టు. నువ్వు పైనుంచి బొండమంత ఉన్నావు, అది మాత్రం చాలా పెద్దగా ఉంది” అన్నాడు. మా ఇంటి నుంచి సముద్రం ఐదు కిలోమీటర్లు. మూడేళ్ళలో నేను చూడలేదు. ఐటీఐలో చేరే ముందు ఆదివారం తీసుకెళతానన్నాడు.

ఎనిమిదో చెట్టు తోటకు నీళ్ళు పారే బోదె గట్టు మీద ఉంది. నలభై ఐదు అడుగులు ఉంటుందని తర్వాత కొలిచినవాళ్ళు చెప్పారు. వాడు ఎక్కుతుండగా మామగారూ, మంగరాజు గారూ మాట్లాడుకుంటూ వచ్చి ఇటువైపు నిలబడ్డారు. నాకు ఐదారు బారల దూరం. మామగారి వీపు నా వైపు ఉంది, ఆయన మాటల్లో మునిగి ఉన్నారు. నేను కొంగు తల మీదికి లాక్కున్నాను.

9.40కి నాని పిలిచాడు. “అక్కా, గెలొత్తంది!” అన్నాడు. నేను పక్కకు జరిగాను. పలకలేదు. చెయ్యి ఎత్తి చూపించాను.

రెండోసారి పిలిచాడు. చెయ్యి ఊపాను. పలకలేదు.

మూడోసారి “అక్కా, ఉన్నావా?” అన్నాడు. పలకలేదు.

ఎందుకు పలకలేదని ఎస్.ఐ. గారు అడిగారు. మామగారు ఉన్నారండి అని చెప్పాను. ఉంటే ఏమైందన్నారు. మా ఇంట్లో మామగారి ఎదుట నేను గొంతెత్తను. ఆయన నన్ను ఎప్పుడూ తిట్టలేదు, కొట్టలేదు. పెళ్ళయిన కొత్తలో పెరట్లో కోడిని అదిలించాను. ఆయన వాకిట్లో ఉండి విన్నారు. “ఇంట్లో ఆడగొంతు గుమ్మం దాటకూడదమ్మాయ్” అన్నారు. అంతే అన్నారు. ఆ రోజు నుంచి ఆయన ఉన్నచోట నాకు గొంతు రాదు. “మామగారు ఎదురుగా ఉంటే దగ్గొచ్చినా ఆపుకుంటారా ఏంటి?” అని ఎస్.ఐ. గారు అడిగారు. “ఆయ్, ఆపుకుంటానండి” అన్నాను. రాస్తున్న మహిళా కానిస్టేబులు జ్యోతిర్మయి గారు నవ్వారు. తర్వాత నవ్వడం ఆపి నాకు మంచినీళ్ళు ఇచ్చారు. “నిజమే సార్, మా అమ్మా అంతే” అన్నారు.

నేను పలక్కపోయేసరికి నాని నన్ను చూడటానికి వంగాడు. వాడు గెల కొట్టేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు, నేను పక్కనే ఉన్నాను. కాని కింద మనిషి పలకలేదు కాబట్టి కొట్టలేదు. ఎడం చేత్తో ఒక మట్ట పట్టుకుని బయటికి వంగి కిందికి చూశాడు. వాడి ముఖం నాకు కనబడింది. నేను కూడా వాడికి కనబడ్డాను. నన్ను చూసి, ఉన్నావా అన్నట్టు తల ఆడించాడు. అప్పుడు మట్ట ఊడి వచ్చింది.

మట్టతో సహా బోదె గట్టు మీద పడ్డాడు. అప్పుడు నేను అరిచాను. అప్పుడు గొంతు వచ్చింది.

మా ఆయన వ్యాను అక్కడే ఉంది. కాయలు దింపేసి, వెనక గోనెలు పరిచి నానిని పడుకోబెట్టారు. నేను వాడి తల పట్టుకుని కూర్చున్నాను. అమలాపురం ఆసుపత్రికి 10.30కి చేరాం. దారిలో వాడు స్పృహలోనే ఉన్నాడు. నడుం కింద ఏమీ తెలియడం లేదన్నాడు. తర్వాత నన్ను దగ్గరికి వంగమన్నాడు. “అక్కా, మావయ్యగారు అడుగుతారు. పలికేనని చెప్పు. పలకలేదంటే ఆయన ముఠా పరువు పోయిందని నిన్ను ఇంట్లో ఉండనివ్వరు. పలికేనని చెప్పు” అన్నాడు. కాళ్ళు తెలియడం లేదని అంటూనే ఈ మాట అన్నాడు.

మామగారు ఆసుపత్రి వరండాలో అడిగారు. “అమ్మాయ్, వాడు పిలిచినప్పుడు పలికేవా?” అన్నారు. నేను తల ఊపాను. అది అబద్ధం. నోటితో ఆడలేదు, తలతో ఆడాను. అయినా అబద్ధమే.

ఆ మధ్యాహ్నమే కాకినాడ పెద్దాసుపత్రికి పంపించారు. మర్నాడు 12వ తేదీ ఉదయం పదకొండింటికి స్టేషను నుంచి హెడ్ కానిస్టేబులు గారు వచ్చారు. నేను మంచినీళ్ళ సీసా పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. మామగారు మంచం పక్కన ఉన్నారు. అంత పనితనం ఉన్నవాడివి ఎలా పడ్డావని హెడ్ గారు అడిగారు. నాని మామగారి వైపు చూశాడు, నా వైపు చూడలేదు. “తాగి ఎక్కేనండి” అన్నాడు. “ఎవరిదీ తప్పు లేదండి. మా అక్క పలికిందండి. నేనే తూలిపోయేనండి” అన్నాడు. నేను లోపలికి ఒక్క అడుగు వేశాను. వాడు దగ్గినట్టు చేశాడు. ఆగిపోయాను.

మామగారు బయటికి వెళ్ళారు. ఆయనకు తాగి చెట్టెక్కేవాళ్ళంటే అసహ్యం. అలాంటివాళ్ళను ఒక్క రోజు కూడా ముఠాలో ఉంచరు. నానికి ఆ సంగతి తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు. తన మీదికి తెచ్చుకుంటే నా మీదికి రాదనుకున్నాడు.

13వ తేదీ సాయంత్రం మామగారు నన్ను ఇంటికి తీసుకొచ్చేశారు. “తాగుబోతుకి ఊడిగం చెయ్యడానికి కాదు నిన్ను తెచ్చుకుంది” అన్నారు. “వాడి పేరు ఇంట్లో వినబడకూడదు” అన్నారు. కాంతం అత్త వెళ్ళి వాడి దగ్గర ఉంది. తాగి పడ్డాడని పోలీసు కాగితంలో ఉంటే చెట్టెక్కేవాళ్ళ బీమా రాదని యూనియన్ వాళ్ళు చెప్పారట. ఆపరేషన్ అయింది. కాళ్ళు వస్తాయో రావో ఆరు నెలలు చూడాలన్నారట. ఇవన్నీ నాకు కాంతం అత్త ఫోనులో చెప్పినవే, నేను చూసినవి కావు. ఫోను వాడికి ఇవ్వమంటే “పడుకున్నాడే” అంటుంది. పగలు పదింటికీ పడుకున్నాడంటుంది, సాయంత్రం ఐదింటికీ పడుకున్నాడంటుంది. ఒకసారి వెనక వాడి దగ్గు వినబడింది.

మా ఆయనకు వారానికి రెండు లోడ్లు కాకినాడ ఉంటాయి. వాళ్ళ నాన్నకు తెలియకుండా డబ్బాలో అన్నం, కూర పెట్టి ఆయనతో పంపిస్తాను. డబ్బా కడిగి పంపిస్తారు. కడక్కుండా పంపించమని చెప్పమన్నాను. ఏం తిన్నాడో, ఏం వదిలేశాడో చూసుకుందామని. ఆయన చెప్పారు. అయినా కడిగే పంపించారు. మూత వాసన చూస్తే సబ్బు వాసన వచ్చింది.

మా ఇంటి వెనక తోటలో ఈ మధ్య దింపు జరిగింది. వేరే ముఠా. పైనుంచి కేక వినబడుతుంది, కింద నుంచి పలుకు వినబడుతుంది. పిలిచేది నన్ను కాదని తెలుసు. అయినా పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడేదాన్ని. రెండు రోజులు అలాగే. మూడో రోజు కూర మాడింది.

20వ తేదీన మా ఆయన నన్ను లోడు వ్యానులో దాచినట్టు కాకినాడ తీసుకెళ్ళారు. పది నిమిషాలు చూశాను. వాడికి గడ్డం వచ్చింది. గడ్డం గీసి వెళతానన్నాను. “వద్దు, నువ్వు వెళ్ళిపో అక్కా. ఇంకోసారి రాకు. వస్తే నోరు జారతావు” అన్నాడు. “ఆ మాట ఎందుకన్నావురా, తాగేనని?” అని అడిగాను. “మరేం చెప్పను? మా అక్క నన్ను చూసి కూడా పలకలేదని చెప్పనా?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత గోడ వైపు తిరగబోయాడు, నడుం తిరగలేదు. కళ్ళు మాత్రం తిప్పుకున్నాడు. నేను వాడి చొక్కా ఉతకాలని చెప్పి తెచ్చుకున్నాను. ఇంకా ఉతకలేదు.

మొన్న ఆదివారం, 29వ తేదీ మధ్యాహ్నం, మా ఆయనకు అన్నం పెట్టి మొత్తం చెప్పాను. ఆయన చెయ్యి అలాగే అన్నంలో ఉండిపోయింది. “ఇన్ని రోజులు ఎలా దాచేవే?” అన్నారు. చెయ్యి కడుక్కుని “నాన్నకి నేను చెప్పలేను” అన్నారు. నేను కూడా చెప్పలేనన్నాను. “అయితే రాసుకునేవాళ్ళకి చెప్పు. గురువారం లోడు లేదు, తీసుకెళతాను” అన్నారు.

ఈ మాట దగ్గర, 11.25కి, మా మామగారు స్టేషనుకు వచ్చారు. వ్యాను ఇక్కడ ఉందని ఎవరో చెప్పారట. గుమ్మంలో నిలబడి “ఏవండీ, మా కోడలికి ఇక్కడేం పనండి?” అని అడిగారు. ఎస్.ఐ. గారు ఆయన్ని బయట కూర్చోమన్నారు. ఆయన్ని ఇక్కడే ఉండనివ్వండి అని నేను అన్నాను. ఎస్.ఐ. గారికి వినబడలేదు. మళ్ళీ చెప్పాను. మామగారు ఉండగానే చెప్పకపోతే నేను ఇంతవరకు చెప్పింది ఇంటికి వెళ్ళేసరికి లేనట్టే అవుతుంది.

నేను లేచి నిలబడి చెప్పాను. మామయ్యగారూ, నాని మూడుసార్లు పిలిచాడు, నేను పలకలేదు, మీరు అక్కడ ఉన్నారని పలకలేదు, ఆసుపత్రిలో మీకు తల ఊపింది అబద్ధం, వాడు తాగలేదు, వాడు ఎప్పుడూ తాగలేదు, నా కోసం ఆ మాట అన్నాడు అని చెప్పాను. ఇంకా ఏవో చెప్పాను. గొంతు పెద్దదైపోయి మా ఆయన వ్యాను దగ్గర నుంచి లోపలికి వచ్చేశారు. కానిస్టేబులు గారు రాయడం ఆపి చూశారు.

మామగారు “వాడు పట్టుకున్నది పండుమట్టా?” అని అడిగారు.

“ఆయ్, పండుమట్టేనండి” అన్నాను. పండి రంగు మారిన మట్ట బరువుకు ఆగదు, ఊడి వస్తుంది.

“ఆ చెట్టుకి పండుమట్టలు కొట్టించమని మంగరాజు గారు పది రోజుల ముందే చెప్పేరు” అన్నారు. అది నాతో అన్నారో, ఎస్.ఐ. గారితో అన్నారో తెలియదు. బల్ల మీద కూర్చున్నారు. మా ఆయన వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు. మామగారు చెప్పేది ఏదైనా ఉంటే విడిగా రాసుకుంటామని ఎస్.ఐ. గారు అన్నారు. “రాసుకోండి” అన్నారు మామగారు.

నేను అడిగేది ఒక్కటే. మీ దగ్గర ఉన్న కాగితంలో తాగి పడ్డాడన్న మాట నిలవకూడదు. తప్పు ఎవరిదని రాయాల్సి వస్తే నాది అని రాయండి. నన్ను ఇంట్లో ఉండనిస్తారో లేదో నాకు తెలియదు, మామగారు ఇంకా చెప్పలేదు. నేను ఇక్కడి నుంచి ఇంటికి వెళ్ళడం లేదు. కాకినాడ వెళుతున్నాను. నాని వద్దంటే గుమ్మం బయట ఉంటాను, వాడు పిలిచే వరకు.

నేను చెప్పినదంతా జ్యోతిర్మయి గారు మొదటి నుంచి చదివి వినిపించారు. మామగారు కూడా కూర్చుని విన్నారు. ఒక్క చోట “మూడుసార్లు పిలిచాడు” అన్నది “రెండుసార్లు” అని రాశారు, దిద్దించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పించలేదు. ఇది జరిగింది జరిగినట్టు. వేలిముద్ర వెయ్యమని ప్యాడు ఇచ్చారు. రాయడం వచ్చని చెప్పి సంతకం చేశాను.

(సంతకం) కడలి భవానీదేవి
03-07-2025, మధ్యాహ్నం 12.10